మూడేసి నిమిషాలు

మా వదినకి నా చేతులంటే పడదు. నేనంటే పడుతుందో లేదో ఆ వేసవి దాకా నాకు తేలలేదు గానీ, చేతుల సంగతి మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు.

నేను ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. చేపల పెట్టెలో అడుగున ఒక వరస, పైన ఒక వరస ఐసు ముక్కలు సర్ది మూత వేయడం నా పని. పదకొండేళ్ళుగా అదే. ఎన్ని గ్లౌజులు తొడుక్కున్నా చలి లోపలికి దిగుతుంది. ఇంటికొచ్చి గంట దాటినా నా చేతులు చల్లగానే ఉంటాయి. నాలుగేళ్ళ కిందట, పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, నేను పనిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తుకోబోయాను. వదిన పిల్లని చటుక్కున అటు తిప్పుకుని, "ఆ చేతులతో ముట్టుకోకు" అంది. నేను ఆ పిల్లకి మేనత్తని. గుమ్మంలో ఇరుగుపొరుగు అంతా ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటని మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోవడమంటే మామూలుగా కాదు, పాపతో సమానంగా నాలుగేళ్ళు పెంచాను.

అప్పట్నుంచీ మా ఇద్దరి మాటలూ ఉప్పుందా, కుళాయొచ్చిందా, తలుపేశావా అన్నంతవరకే. మధ్యలో మా అన్నయ్య. ఆయన దర్జీ. కుట్టుమిషను గట్టిగా తొక్కితే ఇంట్లో గొడవలు వినపడవని ఆయన నమ్మకం.

వదినది ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసే ఉద్యోగం. రెండేళ్ళ కిందట అక్కడ పై అంతస్తులో పొగ కమ్మి లిఫ్టు ఆగిపోతే, ముగ్గురు రోగుల్ని ఒకరి తర్వాత ఒకరిని భుజాన వేసుకుని మెట్లు దింపింది. తర్వాత వచ్చిన ఫైర్ స్టేషన్ పెద్దాయన, "నువ్వు ఉండాల్సింది మా దగ్గరమ్మా" అన్నాడట. ఆయన మాటవరసకి అని ఉంటాడు. మా వదిన దేన్నీ మాటవరసకి వినే మనిషి కాదు.

పోయినేడు ఫైర్ స్టేషన్ పరీక్షకి వెళ్ళింది. నలభై కిలోల ఇసుక మూటని నేల మీంచి ఎత్తి నడుమెత్తు బల్ల మీద పెట్టాలి, మళ్ళీ దించాలి, మళ్ళీ ఎత్తాలి. పదిసార్లు ఎత్తితే ఒక విడత. విడతకీ విడతకీ మధ్య మూడు నిమిషాల విరామం. మొత్తం నాలుగు విడతలు. అదీ మిట్టమధ్యాహ్నం, బయలు మైదానంలో. వదిన మూడో విడతలో ఏడో ఎత్తు దగ్గర కూలబడింది. ముప్పై ఐదు నిండితే ఇక పరీక్షకి రానివ్వరు. ఆవిడకి వానాకాలంలో నిండుతాయి. అంటే ఈ వేసవే ఆఖరు.

"మళ్ళీ వెళ్తున్నాను" అని, నాకు సెలవున్న ఒక పొద్దున టిఫిన్ దగ్గర చెప్పింది.

"ఇసుక మూటలెత్తి ఎవర్ని ఉద్ధరిస్తావమ్మా?" అంది మా అమ్మ.

"కాలుతున్న ఇంట్లో ఉన్నవాళ్ళని, అత్తయ్యా" అంది వదిన, ఇంకో ముక్క తుంచుకుంటూ.

అమ్మ నా వైపు చూసింది. నేను నా కంచంలోకి చూసుకున్నాను. అన్నయ్య మాత్రం లేచి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. గొడవకి జడిసి పారిపోయాడనుకున్నాను. సాయంత్రం చూస్తే మందపాటి గుడ్డతో గోతాం అంత సంచి, రెండు పక్కలా పట్టుకోవడానికి పట్టీలు. "జంట కుట్టు వేశాను. చచ్చినా చిరగదు" అని దాన్ని వదిన కాళ్ళ దగ్గర పెట్టి, మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

వదిన ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ వేయించుకుంది. పగలు ఆవిడకి నేర్పేది డ్రిల్లు టీచరుగారు. రిటైరై ఏడేళ్ళయినా మెళ్ళో ఈల తీయలేదు. పాత గోదాము ఒకటి అద్దెకి తీసుకుని, అందులో ఇనప బరువులు పెట్టుకుని, అడిగినవాళ్ళకల్లా కసరత్తు చెబుతుంది. పైన రేకుల కప్పు. ఎండ ఎక్కాక లోపల నిలబడితే బరువు ఎత్తనక్కర్లేదు, ఊరికే చెమటలు కారిపోతాయి.

అమ్మ మోకాళ్ళ నొప్పి వల్ల, వదినకి మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళే పని నా మీద పడింది. నా షిఫ్టు తెల్లారకుండా మొదలై పదకొండింటికి అయిపోతుంది. విసుక్కుంటూనే వెళ్ళేదాన్ని. గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి వచ్చేద్దామనుకునేదాన్ని. కానీ వదిన మూట ఎత్తడం మొదటిసారి చూసిన రోజున కాళ్ళు కదల్లేదు. మొదటి విడత ఆడుతూ పాడుతూ అయిపోయింది. రెండోది పళ్ళు బిగించి పూర్తి చేసింది. మూడోదానికి మొహం కందగడ్డలా అయింది. ఎనిమిదో ఎత్తుకి మూట బల్ల అంచు దాకా వచ్చి జారిపోయింది.

"నాలో సత్తువ లేదు టీచర్‌గారూ" అంది వదిన, గోడకి చేరబడి.

"సత్తువకేం, గుర్రమంత ఉంది. ఒళ్ళు కాగిపోతోంది, అదీ నీ జబ్బు" అంది టీచరు. "బండి వేడెక్కితే ఆగిపోదూ? ఇదీ అంతే. విరామంలో ఆ వేడి కాస్త బయటికి పోయే దారి చూడాలి. అరచేతులు, అరికాళ్ళు, మొహం, ఇవి మన ఒంటికి తలుపుల్లాంటివి. ఆ మూడు నిమిషాలూ అరచేతులు చల్లబరుచుకుంటే తర్వాత విడతలో ఇంకో రెండు మూడు ఎత్తులు వస్తాయని కొందరు చదువుకున్నవాళ్ళు అంటున్నారు. కాదనేవాళ్ళూ ఉన్నారనుకో. మనం చేసి చూద్దాం. పోయేదేముంది?" అని నా వైపు తిరిగింది. "ఏమే, ఐసు అమ్మాయీ, రేపు ఏదైనా చల్లటిది పట్రా."

నన్ను ఎవరూ దేనికీ పిలవని రోజులవి. చల్లటిది కావాలంటే ఈ ఊళ్ళో నన్ను మించినవాళ్ళెవరు! మర్నాడు ఫ్యాక్టరీలో మేస్త్రీని బతిమాలి అద్దంలాంటి ఐసు దిమ్మ ఒకటి కోయించుకుని, రంపపు పొట్టులో కప్పి, గోనెలో చుట్టి మోసుకొచ్చాను. టీచరు ఆ రోజు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ లేకపోతేనేం అనుకున్నాను. చల్లదనం గురించి నాకొకరు చెప్పేదేమిటి?

"రెండు చేతులూ దీని మీద ఆనించు. నేను చెప్పేదాకా తియ్యకు" అన్నాను.

వదిన అడక్కుండా నేను ఒక సాయం చేయడం నాలుగేళ్ళలో అదే మొదలు. ఆవిడ నా మొహంలోకి ఒక్కసారి చూసి, చేతులు దిమ్మకి ఆనించింది. నిమిషం గడిచేసరికి పెదవి కొరుక్కుంటోంది. "మంటగా ఉంది" అంది.

"మొదట్లో అలాగే ఉంటుంది. మేం రోజూ పట్టుకోవట్లా?" అన్నాను గొప్పగా.

మూడు నిమిషాలూ పట్టుకుంది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. లేచి మూట పట్టీలు అందుకుంది. నాలుగో ఎత్తుకి మూట గాల్లో ఉండగా వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. పట్టు జారిన సంగతి ఆవిడకే తెలియలేదు. మూట తిన్నగా కుడి పాదం మీద పడింది.

చిటికెన వేలు ఎముక చిట్లింది. బొటనవేలి గోరు ఊడింది. మూడు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదన్నాడు డాక్టరు. పరీక్ష ఎనిమిది వారాల్లో ఉంది.

ఇంటికి తీసుకొచ్చాక నేను వంటింట్లో గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. ఇప్పుడు చెబుతుంది, నా ఐసు వల్లే అని అందరి ముందూ అంటుంది అనుకున్నాను. అనాలనే కోరుకున్నాను కూడా. అంటే నేనూ నాలుగు అనొచ్చు, లెక్క సరిపోతుంది.

"ఎలా పడిందమ్మాయ్?" అని అమ్మ అడుగుతోంది.

"చెమటకి పట్టు జారింది అత్తయ్యా. నాదే తొందర" అంది వదిన.

అంతే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. కడుపులో పెట్టుకుంటుందని అనుకోలేదు.

మర్నాడు షిఫ్టు కాగానే టీచరు ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ నల్ల కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది.

"చల్లగా అంటే చల్లగా అనే అర్థం. గడ్డకట్టించమని కాదు" అంది. "మరీ చల్లగా పెడితే అరచేతిలో రక్తనాళాలు ముడుచుకుపోతాయి. తలుపులు మూసుకున్నాక వేడి ఎటు పోతుంది? పైగా వేళ్ళు మొద్దుబారి పట్టే పోతుంది. నీకు ఐసు అలవాటు కాబట్టి ఇది నీకే తోచాల్సిన తప్పు, ఇంకొకరికి తోచదు."

"ఇప్పుడేం చెయ్యను టీచర్‌గారూ?"

"ఏం చేస్తావ్? మూడు వారాలు ఆవిడ కాలు పనిచెయ్యదు. చేతులున్నాయిగా. వచ్చి పక్కన కూర్చో."

నేను దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకుని ఆగిపోయింది. "ఇదేమిటే, నీ చెయ్యి ఇంత చల్లగా ఉంది?" అంది. నేను గబుక్కున వెనక్కి లాక్కున్నాను. "ఎప్పుడూ ఇంతే లెండి" అన్నాను.

అలా మొదలైంది. వదిన ఎత్తు పీట మీద కూర్చుని, కుడి కాలు బస్తా మీద చాపుకుని, పై కమ్మీకి కట్టిన కప్పీలోంచి తాడుతో బరువు లాగేది. టీచరు ఈల వేయగానే నేను బేసిను ముందుకి జరిపేదాన్ని. నీళ్ళలో ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ, తీస్తూ, థర్మామీటరు పదిహేను దగ్గర నిలబెట్టడం నా పని. పన్నెండుకి దిగితే టీచరు గుడ్లురిమేది. పదకొండేళ్ళు ఐసులో పనిచేసి, చల్లదనానికీ ఒక కొలత ఉంటుందని ఆ బేసిను దగ్గర నేర్చుకున్నాను.

వదిన అరచేతులు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. ఎదురుగా నేను. మూడు నిమిషాలు. కదలడానికి లేదు, వేరే పని లేదు. మొదటి రోజు ఇద్దరం థర్మామీటరు వైపే చూస్తూ గడిపాం. రెండో రోజు ఆవిడ, "మీ ఫ్యాక్టరీలో ఎండాకాలం హాయిగా ఉంటుందేమో" అంది. "బయటికొచ్చాక నరకం" అన్నాను. ఈల. మూడో రోజు మా మేస్త్రీ నత్తిని నేను అనుకరిస్తే వదిన నీళ్ళు ఒలికేలా నవ్వింది. ఆవిడ నవ్వితే కుడి పక్క పన్ను మీద పన్ను కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే ఇంట్లో ఆరేళ్ళు!

మూడేసి నిమిషాల్లో ఏం మాట్లాడుకుంటారు అంటే, చాలానే మాట్లాడుకోవచ్చు. ఈల ఎప్పుడు పడుతుందో తెలుసు కాబట్టి చుట్టూ తిప్పి చెప్పడానికి వీలుండదు. పొగలో మెట్లు దిగుతున్నప్పుడు మూడో రోగి తన మెడ పట్టుకుని అమ్మా అన్నాడని, ఆయనకి డెబ్భై ఏళ్ళని ఒక విరామంలో చెప్పింది. నాకొచ్చిన రెండు సంబంధాలూ చేప వాసన అని తప్పిపోయాయని ఇంకో విరామంలో నేను చెప్పాను. "వాళ్ళ ముక్కులు కాలిపోను" అంది వదిన, చేతులు నీళ్ళలో ఉంచే. చల్లదనం వల్లో, టీచరు గదమాయింపు వల్లో, ఎత్తులైతే పెరుగుతున్నాయి. నాలుగో విడతలో ఆరు వచ్చేవి ఎనిమిదయ్యాయి.

కట్టు విప్పి వదిన మళ్ళీ మూట ముందు నిలబడ్డ వారం, ఒక మధ్యాహ్నం నేనే కదిపాను. ఇక ఆగలేకపోయాను.

"ఐసు సంగతి అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమొస్తుంది? నువ్వు మళ్ళీ నాలుగేళ్ళు మాట్లాడవు."

"నేను మాట్లాడకపోవడం నీకు తెలిసిందన్నమాట."

"ఎందుకు తెలీదు? ఎందుకు మాట్లాడవో తెలీక చచ్చాను గానీ."

"ఆ రోజు గుమ్మంలో, పాపని..." అన్నాను. ఈల పడింది. వదిన చేతులు తుడుచుకుని లేచింది. ఆ విడత పది ఎత్తులూ నేను చూడలేదు. బేసిన్లో నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ వచ్చి కూర్చోగానే, ఆయాసపడుతూనే, ఆవిడే అందుకుంది.

"పాప నెలలు తక్కువ పుట్టింది, గుర్తుందా? కిలోన్నర. ఒంటికి వేడి నిలవట్లేదు, చలి తగిలిందా దక్కదు అని డాక్టరు నన్ను బెదిరించి పంపాడు. దారిపొడుగునా గుండెకి హత్తుకుని తెచ్చాను. గుమ్మంలోకి రాగానే నువ్వు ఐసు చేతులతో ఎదురొచ్చావ్. నోటికేదొస్తే అదన్నాను. ఆ వెంటనే నాకు నెల్లాళ్ళు జ్వరం. ఆ తర్వాత నువ్వు మొహం చాటేశావ్. అప్పుడేమన్నానో నాకే గుర్తులేదు."

నాలుగేళ్ళు. నా లోపల అంత పెద్దదై కూర్చున్న మాట ఆవిడకి గుర్తే లేదు. "నీళ్ళు పధ్నాలుగుకి దిగాయి" అని ఒక ఐసు ముక్క తీసి పారేశాను. వదిన తడిచేత్తో నా ముక్కు చివర తాకింది. టీచరు ఈల వేయాల్సిన సమయం దాటిపోయినా, ఎందుకో ఆ రోజు వేయలేదు.

పరీక్ష రోజున నేను సెలవు పెట్టి, ఐసు పెట్టె, చిన్న బేసిను, థర్మామీటరు, రెండు తువ్వాళ్ళు పట్టుకుని వదిన వెంట వెళ్ళాను. మైదానం పెనంలా కాలుతోంది. గేటు దగ్గర కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సామాన్లేవీ లోపలికి వెళ్ళవమ్మా. సీసాలు కూడా వీల్లేదు. వెంట వచ్చిన మనిషి తాడు ఇవతల నిలబడొచ్చు, అంతే."

"తాగడానికి కాదండీ, చేతులకి..."

"లోపల డ్రమ్ములో నీళ్ళున్నాయి."

ఆ డ్రమ్ము పొద్దుటి నుంచీ ఎండలో ఉంది. నేను పెట్టె గేటు బయటే దింపి, లోపలికెళ్ళి వేలు పెట్టి చూస్తే స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. వదిన వైపు తిరిగాను. "పోన్లే, లేకుండానే చేస్తాను" అంది, కానీ కళ్ళు నా పెట్టె మీదే ఉన్నాయి. పోయినేడు కూలబడ్డది ఇదే ఎండలో, ఇదే నేల మీద.

నేను తాడు దగ్గర ఉన్న అధికారిని కేకేశాను. "అయ్యా, విరామంలో మా వదిన చేతులు పట్టుకోవచ్చా?"

ఆయన వింతగా చూశాడు. "పట్టుకోండమ్మా. దానికి రూలేముంది? తాడు దాటకుండా పట్టుకోండి."

అభ్యర్థులు కూర్చునే బల్ల తాడుకి ఆనుకునే ఉంది. అక్కణ్ణుంచి గేటు ఇరవై అడుగులు. మొదటి విడత మొదలవగానే నేను గేటు బయటికి పరుగెత్తి, పెట్టె మూత తీసి, ఐసు నీళ్ళలో మణికట్ల దాకా చేతులు ముంచేశాను. లోపల లెక్కపెట్టే గొంతు వినిపిస్తోంది. ఎనిమిది దాటగానే చేతులు తీసి, తుడుచుకుని, పరుగు. వదిన వచ్చి కూర్చుంది. తాడు మీదుగా ఆవిడ అరచేతులు రెండూ నా అరచేతుల్లోకి తీసుకున్నాను. కాలిపోతున్నాయి.

"హమ్మయ్య" అని కళ్ళు మూసుకుంది.

మూడు నిమిషాలూ వదల్లేదు. నా చేతులు వెచ్చబడే కొద్దీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతూ పట్టుకున్నాను. ఈల పడగానే మళ్ళీ గేటు బయటికి.

అందుకే ఆ రోజు మా వదిన ఎత్తిన ఒక్క ఎత్తూ నేను చూడలేదు. నా వీపు మైదానం వైపు, చేతులు ఐసులో. మూడో విడతకి వేళ్ళు నొప్పి పుట్టి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఆ రోజు వదిన చేతులు ఐసు మీద పెట్టించి, "మేం రోజూ పట్టుకోవట్లా" అని ఆవిడతో అన్నది నేనే. కాపలా ఆయనకి జాలేసిందో, తోచకో, నాకు చెప్పడం మొదలుపెట్టాడు. "ఏడయ్యాయి... ఎనిమిది... మీవాళ్ళు గట్టివాళ్ళేనమ్మా, పక్కామె కూర్చుండిపోయింది... పది!"

నాలుగో విడత ముందు వదిన నా చేతులు తిప్పి చూసింది. "నీ చేతులు ఎర్రబడ్డాయే" అంది.

"నువ్వు నీ మూట చూసుకో" అన్నాను.

ఈసారి నేను గేటు బయటికి వెళ్ళాల్సిన పని లేదు. ఇదే ఆఖరు విడత, ఇక చల్లబరిచేదేమీ లేదు. అయినా కాళ్ళు అటే పోయాయి. పెట్టె ముందు గొంతుక్కూర్చుని చేతులు ముంచేశాను. చూసే ధైర్యం లేదు.

"అయిదు" అన్నాడు కాపలా ఆయన. "ఆరు. ఏడు." తర్వాత ఆలస్యంగా, "ఎనిమిది." తర్వాత ఎంతో సేపటికి, "తొమ్మిది."

ఆ తర్వాత ఏమీ అనలేదు. నేను తలెత్తి చూస్తే ఆయన కూడా గేటు ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు. లోపల మైదానంలోనూ చప్పుడు లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు బల్ల మీద ఇసుక మూట పడ్డ చప్పుడు, మెత్తగా, బరువుగా వినిపించింది.

"పదయ్యాయమ్మా, పది! చేతులు తియ్యి, గడ్డకట్టుకుపోతావ్!"

తొలకరి పడ్డాక వదినకి ఫైర్ స్టేషన్ నుంచి కాగితం వచ్చింది. మొదటి రోజు, మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరే వేళకి పాపకి ఒళ్ళు వెచ్చబడింది. వదిన యూనిఫారంలో, బూట్ల లేసులు కట్టుకోకుండానే మంచం పక్కన నిలబడి తటపటాయిస్తోంది. అన్నయ్య ఆ యూనిఫారం నడుము దగ్గర బిగించడానికి రెండు రోజులు కూర్చున్నాడు. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, "ఆలస్యమవుతోంది, వెళ్ళమ్మాయ్, మేం లేమా?" అంటోంది.

నేను అప్పుడే షిఫ్టు నుంచి వచ్చాను. అలవాటు కొద్దీ చేతులు చున్నీలో చుట్టుకుని దూరంగా నిలబడ్డాను.

వదిన వచ్చి నా చున్నీ విప్పింది. నా కుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పాప నుదుటి మీద పెట్టింది.

"అలా ఉంచు. నేను వచ్చేదాకా తియ్యకు" అంది.

వెళ్ళిపోయింది. పాప కళ్ళు సగం తెరిచి చూసి, నా రెండో చెయ్యి కూడా లాక్కుని బుగ్గ కింద పెట్టుకుంది.